1930ల్లో పోయినవారికి మరణ ధ్రువపత్రం ఎక్కడిది?

సంపాదకుడు గారికి,

వీలునామా రాసిన మనిషి కన్నుమూశాక దాని నకలు ఎవరు అడిగినా ఇవ్వాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. మా ముత్తాతగారి వీలునామా కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళితే ఆయన మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆయన పోయింది 1930ల్లో. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969లో గానీ రాలేదు. అంతకుముందు పల్లెల్లో పోయినవారు ఇంకా బతికే ఉన్నారనుకోవాలి కాబోలు!

నా దగ్గరున్న ఆధారమల్లా ఒక పాత వారపత్రికలో పడిన నాలుగు పంక్తుల మరణవార్త. కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రికల కాలంలో ఊరి పెద్దల మరణాలూ ఆస్తి తగాదాల నోటీసులూ పత్రికలకెక్కేవి. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఆ సంచికలను దాచబట్టి ఈమాత్రమైనా దొరుకుతున్నాయి. తేదీతో సహా అచ్చయిన ఆ వార్తను సాక్ష్యంగా ఎందుకు తీసుకోరు?

చెన్నపట్నంలో రాసిన హిందువుల వీలునామాలకు హైకోర్టు ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరిగా ఉండేది కనుక అక్కడ కోర్టు దస్తావేజులైనా ఉంటాయి. మన జిల్లాల్లో ఆ నిబంధన లేదు. మనకు దిక్కు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని మూడో పుస్తకమే. అందులో వీలునామాలతో పాటు దత్తత అధికార పత్రాలూ ఉంటాయి. పిల్లలు లేని భర్త, తన తదనంతరం భార్య దత్తత తీసుకోవడానికి అనుమతిస్తూ ఆ రోజుల్లో రాసిచ్చిన కాగితాలవి. మా తాతగారి ఇంటిపేరూ ఆయన తోడబుట్టినవారి ఇంటిపేరూ వేరు. దత్తత వచ్చారని ఇంట్లో చెప్పుకోవడమే తప్ప ఎవరి అనుమతితో, ఏ షరతులతో వచ్చారో చెప్పగలవారు లేరు.

ఈ పుస్తకంలో మనంతట మనం వెతకడానికి వీల్లేదు, అధికారే వెతకాలి. సంవత్సరం తెలియకపోతే ఆయన మాత్రం ఎన్ని పాత ఇండెక్సులు తిరగేస్తారు? పైగా చీరాల ప్రాంతం 1970 దాకా గుంటూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో, 2022 నుంచి బాపట్లలో ఉంది. పాత దస్తావేజులు ఎక్కడున్నాయో కనుక్కోవడమే ఒక పని.

1969కి ముందు మరణించినవారి విషయంలో పాత పత్రికలోని వార్తనో, వారసుల ప్రమాణపత్రాన్నో అంగీకరించాలని రిజిస్ట్రేషన్ శాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాలపు మూడో పుస్తకం ఇండెక్సులను చెదలకు వదిలేయకుండా స్కాన్ చేయించాలి. ఖర్చు అవుతుందంటే నకలు రుసుము పెంచండి, కట్టడానికి మాలాంటివారు సిద్ధమే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చీరాల