తల వాల్చి చూసే పిల్లల్ని గద్దించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా మనవరాలు నాలుగో తరగతి. ఏం చూసినా తల ఎడమ భుజం మీదికి వాల్చి చూసేది. "తల సక్కగా పెట్టు" అని బడిలో రోజూ గద్దింపే. ఇంట్లో మా తప్పూ ఉంది. మెడ పట్టేసిందనుకుని నెలపాటు నూనె మర్దన చేయించాం. బడిలో కంటి పరీక్ష జరిగింది. ఒక్కో కన్నూ మూయించి చార్టు చదివించారు. చివరి వరుస దాకా చదివిందని, చూపు బాగుందని రాసుకుని పోయారు.

కడకు మెల్లకన్ను చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె పాప కుడికన్ను అరచేత్తో మూసింది. వాలిన తల దానంతటదే నిటారుగా లేచింది. చెయ్యి తీయగానే మళ్లీ ఎడమకు వాలింది. తల పట్టుకుని నిలబెట్టి ఏం కనపడుతోందని అడిగితే, "గీత మీద ఇంకో గీత" అంది పాప. అంతవరకూ ఆ మాట మేమెవరం అడగలేదు.

కనుగుడ్డును తిప్పే కండరాలు ఆరు. వాటిలో ఒకదానికి మెదడు నుంచి వెళ్లే నరం, నాలుగో కపాల నరం అంటారు, అది పుట్టుకతోనే బలహీనమట. అందుకే ఒకటి రెండుగా కనపడుతుంది, తల వాలిస్తే ఆ రెండూ కలుస్తాయి. పాత ఫోటోలు తెమ్మన్నారు. మొదటి పుట్టినరోజు ఫోటోలోనే తల ఎడమకు ఉంది. ఆ ఫోటో మా గోడ మీద ఏళ్లుగా వేలాడుతోంది.

చార్టు పరీక్షలో ఒక కన్ను మూయిస్తారు కదా, మూసిన క్షణానే రెండుగా కనపడడం పోతుంది. ఇక లోపం ఎట్లా దొరుకుతుంది? కనుగుడ్లు నిలవక అదిరే పిల్లలు కొందరు ముఖం పక్కకు తిప్పి చదువుతారు, అదురు తగ్గేది ఆ కోణంలోనే. వాళ్లనూ మనం ముఖం తిప్పొద్దంటాం. ఏళ్ల తరబడి తల వాల్చే ఉంటే ముఖం రెండు పక్కలా సమంగా ఎదగదు కూడా.

2019 అక్టోబరు 10న ఉచిత కంటి పరీక్షల పథకం వైఎస్సార్ కంటి వెలుగు మన అనంతపురంలోనే మొదలైంది, తొలి విడత బడిపిల్లలకే. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వస్తున్నాయి. వాళ్ల కాగితంలో ఒక్క గడి చేర్చమని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను: రెండు కళ్లూ తెరిచి చూసేటప్పుడు పిల్ల తల ఎట్లా ఉంది? వాలినా, తిరిగినా కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి చీటీ రాయాలి.

మా పాపకు వేసవి సెలవుల్లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు నిటారుగా కూర్చునే రాసుకుంటోంది.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కర్నూలు