ఇడ్లీ ఎందుకు లేదో చెబుతున్నాను

పది రోజులుగా మన హోటల్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇడ్లీ ఏదని అడుగుతున్నారు. "ఇవాళ లేదండీ" అని రోజూ అదే మాట చెప్పి తప్పించుకుంటున్నాను. పదకొండేళ్లుగా మా దగ్గర తింటున్నవాళ్లకి ఆ ముక్క సరిపోదని నాకూ తెలుసు. అందుకే మధ్యాహ్నం పొయ్యి ఆర్పేశాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది ముందే చెప్పేస్తాను.

జనవరి ఆఖరి వారంలో నాలుగు రోజులు మీకు పెట్టిన ఇడ్లీ మేం రుబ్బిన పిండితో వేసింది కాదు. హోటళ్లకి బకెట్లలో పిండి వేసేవాళ్ల దగ్గర కొన్నాను. గోడ మీద "ఇక్కడే రుబ్బిన పిండి" అనే బోర్డు అలాగే ఉంది. దాని కిందే కూర్చుని మీరు తిన్నారు. నేను నోరు మెదపలేదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి విజయవాడ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. రెండు ప్లేట్లు తిన్నాడు, ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు, డబ్బులిచ్చి వెళ్లాడు. మంచి పిల్లాడే, అతని మీద నాకేం కోపం లేదు. కాకపోతే వీడియోకి "తెనాలి సందులో దాక్కున్న ఇడ్లీ" అని పేరు పెట్టాడు. దాక్కోవడానికి మేమేమన్నా అప్పు ఎగ్గొట్టామా? సందు మొదట్లోనే బోర్డు ఉంది, రోజూ తెల్లారి ఐదున్నరకి షట్టర్ తీస్తాం. సరే, ఆ వీడియో తిరిగింది. ఆ ఆదివారం ఆరు గంటలకే గుంటూరు నుంచీ, మంగళగిరి నుంచీ బళ్ల మీద దిగారు. మాకున్నవి నాలుగు బల్లలు. ఆ రోజు మన పాతవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని "కొంచెం త్వరగా కానివ్వండి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

వచ్చినవాళ్లలో ఒకాయన తట్టె ఇడ్లీ ఉందా అని అడిగాడు. అది కర్ణాటకలో బిడది వైపు దొరుకుతుంది బాబూ, ఇక్కడ కాదు అన్నాను. పాలక్కాడు దగ్గర రామశ్శేరిలో కుండ మూతికి కట్టిన వల మీద గుడ్డ పరిచి, పల్చగా, వెడల్పుగా వేస్తారు. మన కోనసీమలో అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో ఉడికించి పొట్టిక్కలు అంటారు. ఎక్కడి ఇడ్లీ అక్కడిదే. మాది మామూలు రేకుల్లో వేసే రవ్వ ఇడ్లీ. మీద కారప్పొడి, నెయ్యి, పక్కన అల్లం పచ్చడి. అంతకు మించి ఏమీ లేదు. అందుకే అందులో పప్పు తేడా వస్తే దాచిపెట్టడానికి కూడా ఏమీ ఉండదు.

పప్పు దగ్గరే దెబ్బ తిన్నాను.

మాకు రోజుకి నాలుగు కిలోల మినపగుండ్లు పట్టేవి. వారానికి 30 కిలోల బస్తా ఒకటి. పదకొండేళ్లుగా ఒక్కరి దగ్గరే తెచ్చుకుంటున్నాను. ఆయన పేరు రాయను. ఇది ఆయన కూడా చదువుతాడు, అది చాలు. మా నాన్న చనిపోయిన నెలలో బస్తా అప్పు మీద ఇచ్చిన మనిషి ఆయన. ఆ కృతజ్ఞతతోనే వేరే కొట్టు గుమ్మం తొక్కలేదు. వీడియో తర్వాత రోజుకి ఏడు కిలోలు కావాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే "నువ్వు టెన్షన్ పడకు, ఎంత కావాలంటే అంత పంపిస్తా" అన్నాడు.

పంపించాడు. బస్తా మీద గుర్తు పాతదే. రాత్రి నానబోసి, మా ఆవిడ గ్రైండర్లో వేసింది. రెండు కిలోల గుండ్లు వేస్తే మామూలుగా పిండి రాళ్ల మీదకి పొంగి వస్తుంది, మధ్యలో ఒకసారి తీసి గిన్నెలోకి వంచాలి. ఆ రోజు సగానికే ఆగిపోయింది. ఎంత తిప్పినా పిండి పొంగి పెరగలేదు, ఒదుగు లేదు. చిటికెడు పిండి నీళ్లలో వేసి చూస్తే తేలాలి, బుడుంగున మునిగింది. తెల్లారేసరికి రవ్వ కలిపిన పిండి అడుగున కూర్చుని, పైన నీళ్లు తేలాయి. మొదటి వాయి దించి ఒకటి విరిచాను. విరగలేదు, సాగింది. ఆ వాయి మొత్తం పక్కింటి గేదెకి పోయింది.

మిగిలిన గుండ్లు పళ్లెంలో పోసి చూస్తే రెండు సైజులు కనిపించాయి. ఒకటి మన కృష్ణా డెల్టాలో పండే గుండు. రెండోది సన్నగా, మరీ తెల్లగా మెరిసిపోతోంది. బయట నుంచి మన దేశానికి మినుములు వస్తాయని, ఎక్కువగా బర్మా నుంచే వస్తాయని అందరికీ తెలిసిందే. అందులో తప్పు లేదు. అది బయటి పప్పని చెప్పి అమ్మితే ఇష్టమున్నవాళ్లు కొనుక్కుంటారు. నాకు డెల్టా సరుకని చెప్పి, కొంత పాతదీ కొంత బయటిదీ కలిపి, డెల్టా ధరకే వేశాడు. అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఏటా ఈ రోజుల్లో సరుకు కొరతే కదా, నీ ఒక్కడికే ఎందుకింత పట్టింపు? మిగతా హోటళ్లవాళ్లు మాట్లాడకుండా తీసుకెళ్తున్నారు" అన్నాడు.

కొరత మాట అబద్ధం కాదు. మన వైపు వరి కోతకి కొద్ది రోజుల ముందు, చేలో తడి ఉండగానే మినుములు చల్లుతారు. కోత అయ్యాక ఆ తడి మీద, రాత్రి మంచు మీద ఆ పైరు పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. అంటే జనవరికి పోయిన ఏటి సరుకు అడుగంటుతుంది. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు తగిలిన ఏడు ఇంకా ఇబ్బంది. ఇవన్నీ నాకూ తెలుసు. "సరుకు లేదు, వారం ఆగు" అని ఉంటే ఆగేవాణ్ని. "నీ ఒక్కడికే పట్టింపా" అన్న మాటే మింగుడు పడలేదు. తెనాలిలో ఇన్ని పప్పు మిల్లులు పెట్టుకుని, మంచి గుండ్ల కోసం నేను బతిమాలుకోవాలా?

ఆ వాయి పాడైన రోజు మా వంట మాస్టర్ సోడా కొంచెం ఎక్కువ వేద్దామన్నాడు. ఇడ్లీ పొంగుతుంది, ఎవరికీ తెలియదన్నాడు. తెలియదని నాకూ తెలుసు. వద్దన్నాను. వద్దని గొప్పగా చెప్పినవాణ్ని ఆ సాయంత్రమే బకెట్ పిండికి ఫోన్ చేశాను. శని, ఆదివారాలు ఎదురుగా ఉన్నాయి, వీడియో చూసి జనం వస్తున్నారు, ఇడ్లీ లేదంటే పరువు పోతుందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఏ పరువు కాపాడుకున్నానో నాకే అర్థం కావట్లేదు.

కొత్తవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. ఫొటోలు తీసుకుని, బాగుందని వెళ్లారు. రోజూ నాలుగు ఇడ్లీలు పార్సిల్ తీసుకెళ్లే ఆటో అబ్బాయి ఒకడున్నాడు, వాళ్ల అమ్మ కోసం. ఆవిడకి పళ్లు లేవు, పొద్దున ఇడ్లీ తప్ప ఏమీ తినదు. ఆవిడ మన హోటల్‌కి ఒక్కసారి కూడా రాలేదు. నాలుగో రోజు ఆ అబ్బాయి పార్సిల్ తీసుకుంటూ, "అన్నా, మీ ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాలేదా? వేరేవాళ్లెవరో రుబ్బినట్టున్నారు, కనుక్కోమంది అమ్మ" అన్నాడు.

లేదని చెప్పి డబ్బులు తీసుకున్నాను. మా ఆవిడ లోపల నుంచి వింది. ఆ రోజు మధ్యాహ్నం ఆవిడే మిగిలిన బకెట్ తీసుకెళ్లి కాలవలో పోసి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి ఇడ్లీ ఆపేశాను. ఆపాక కూడా, ఇలా ఆపేయడం సరేనా కాదా అని మూడు రాత్రులు కొట్టుకున్నాం. ఈసారి మా ఆవిడే ఆపొద్దంది. "ఇడ్లీ లేని టిఫిన్ సెంటర్‌కి ఎవరొస్తారు? పప్పు మారిందని రాసి పెట్టి, ఉన్నదానితోనే వేద్దాం" అంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. నాకే మనసొప్పలేదు. మొదటి రోజు సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. ఇడ్లీ లేదనగానే తొమ్మిదింటిలోపు 41 మంది వెనక్కి తిరిగిపోయారు. రెండో రోజు గీతలు గీయలేదు.

ఈలోపు ఊళ్లో ఐదు కొట్ల నుంచి పావుకిలో చొప్పున గుండ్లు తెచ్చి, ఐదు గ్లాసుల్లో విడివిడిగా నానబెట్టి రుబ్బి చూశాం. ఒకటి బ్రహ్మాండంగా ఒదిగింది. వెళ్లి అడిగితే వారానికి ఐదు కిలోలకి మించి ఇవ్వలేనన్నాడు ఆ కొట్టాయన. ఇళ్లవాళ్లకి ఇచ్చుకోవాలట. నిజాయితీగా చెప్పాడు, దండం పెట్టి వచ్చాను.

చివరికి మన దగ్గర రోజూ పెసరట్టు తినే ఒకాయన వాళ్ల బావమరిది రైతని చెప్పాడు. కొల్లూరు వైపు పొలం. వెళ్లి చేను చూశాను, కాయ నల్లబడుతోంది. ఆయన దగ్గర ఆరు క్వింటాళ్లు నేరుగా కొనేలా మాట్లాడుకున్నాం. దానికోసం చీటీ పాడాను. గుండు చేయించడానికి మిల్లుల చుట్టూ తిరగను. పొట్టుపప్పు ఆడించుకుని, రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున మేమే కడుక్కుంటాం. మా నాన్న ఉన్నప్పుడు అలాగే చేసేవాళ్లం. పని రెట్టింపు, నీళ్లు రెట్టింపు. పొట్టు కొంచెం మిగిలి ఇడ్లీ అక్కడక్కడా నల్ల చుక్కలతో కనిపించొచ్చు. అది మురికి కాదు, దయచేసి తీసి పక్కన పెట్టకండి. వాసన దాంట్లోనే ఉంటుంది.

పాతాయన మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, మంచి సరుకు వచ్చింది, బస్తా పంపనా అని. వద్దన్నాను. మొండితనం అంటే అనండి.

గారెలు కూడా కొత్త పప్పు వచ్చేదాకా ఉండవు, పాతాయన పంపిన ఆ పప్పుతో వేస్తే నూనె పీల్చేస్తున్నాయి. అట్టుకి ఒదుగుతో అంత పని లేదు, కాబట్టి మిగిలిన ఆ గుండ్లు అట్ల పిండికే వాడుతున్నాం. ఇది చెప్పే వాడుతున్నాను. నచ్చనివాళ్లు పెసరట్టు తీసుకోండి. పెసలు వేరే కొట్టువి, అందులో ఏ తేడా లేదు, ఉప్మా పెసరట్టు ఎప్పటిలాగే. పూరీ, బొంబాయి చట్నీ ఉన్నాయి. ధరలు, టైమింగులు మారలేదు. గోడ మీద బోర్డు దించేశాను, కొత్త పిండి రుబ్బిన రోజు మళ్లీ పెడతాను. ఆ నాలుగు రోజుల్లో ఇడ్లీ తిన్న మన పాతవాళ్లు ఎవరైనా డబ్బులు వెనక్కి అడిగితే ఇస్తాను. లెక్క చెప్పక్కర్లేదు, మీ మాట చాలు.

మార్చి రెండో వారానికి పప్పు ఇంటికి వస్తుందని రైతు చెప్పాడు. ఎండ కాస్తే ఒక నాలుగు రోజులు ముందే రావచ్చు. మొదటి వాయిలో నాలుగు ఇడ్లీలు ఆటో అబ్బాయి వాళ్ల అమ్మకి వెళ్తాయి. నేనే పట్టుకెళ్లి, ఆ నాలుగు రోజుల సంగతి చెప్పి ఇస్తాను. డబ్బులు కూడా తీసుకుంటాను. ఊరికే ఇస్తే ఆవిడ ముట్టుకోదట.