రణస్థలం రోడ్డు మీద ఆగిన అన్నయ్యకి

ఇవాళ్టికి ఆరో రోజు. కళ్ళు మూసుకుంటే బానెట్ కింద ఆ బుస్సుమన్న చప్పుడే ఇంకా వినిపిస్తోంది. కంటినిండా నిద్రపోయి కూడా ఆరు రోజులైంది, రాతలో ఎక్కడైనా తడబడితే మన్నించండి. బడులు తెరిస్తే తీరిక దొరకదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది నరసన్నపేట. అమ్మకి 71 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా సుగరు. మూడు నెలలకోసారి విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తాను. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో, అందుకని బండి నేనే నడుపుతాను. పోయిన గురువారం డాక్టరు దగ్గర ఆలస్యమైంది. ఇన్సులిన్ సీసాలు కొని, ఐసు సంచిలో పెట్టుకుని బయల్దేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. దారిలో తగరపువలసలో టిఫిను తిందామని అమ్మ బయల్దేరేముందే సూది వేసుకుంది. ఆనందపురం దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. అరగంటకి పైగా జానెడు జానెడు కదిలాం. అప్పుడే ఆలస్యమైపోయింది, టిఫిను వద్దు, ఇంటికెళ్ళి అన్నమే తిందాం అన్నది నేనే. ఆ మాట ఎందుకన్నానా అని ఈ ఆరు రోజులూ కుమిలిపోతున్నాను.

ఆ ట్రాఫిక్‌లోనే ఇంజను వేడి చూపించే ముల్లు కొంచెం పైకి లేచింది. రోడ్డు ఖాళీ అయి బండి పరుగందుకోగానే మళ్ళీ దిగింది. రోహిణి కార్తె కదా, ఎండ వేడికి అలా చూపిస్తోంది అనుకున్నాను. పైడిభీమవరం ఫ్యాక్టరీల దీపాలు వెనకపడ్డాక, రణస్థలం ఇంకా రాకముందు, ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత మీదికి పోయింది. బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఆవిరి. పక్కకి తీసి ఆపేశాను. అటూ ఇటూ సరుగుడు తోటలు, చీకటి. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా మా బండి మొత్తం ఊగుతోంది.

నీళ్ళు పోస్తే చల్లారుతుందనుకున్నాను. మంచినీళ్ళ సీసా తీసుకుని, చీర కొంగు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత పట్టుకున్నాను.

"మూత జోలికెళ్ళకండి తల్లీ!"

వెనకనుంచి కేక. పాత టీవీఎస్ మోపెడ్, దాని మీద గోనెసంచి నిండా పనిముట్లు, యాభై దాటిన మనిషి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్ అని తర్వాత తెలిసింది. చిన్నతనంలో ఆరేళ్ళు లారీ మీద క్లీనరుగా కూడా తిరిగారట. ఇక్కడ పేరు రాస్తానంటే వద్దంటే వద్దన్నారు, అందుకే అన్నయ్య అనే రాస్తున్నాను.

ఆయన నా చెయ్యి మూత మీంచి తీయించి, బండి వైపు ఒక్కసారి చూసి, వెంటనే అమ్మ కూర్చున్న వైపు వెళ్ళారు. నేను పది నిమిషాలుగా ఆవిరి వంకా ఫోను వంకా చూస్తున్నానే గాని, అమ్మ మొహం చూడలేదు. జాకెట్టు మొత్తం తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. ఏదో అంటోంది, మాట తిన్నగా రావడం లేదు. ఏసీ ఆగిపోయింది కదా, ఉక్కకి అనుకున్నాను.

"ఇది ఉక్క సెమట కాదు తల్లీ. ఈవిడికి సుగరున్నాదా? ఏటైనా తిన్నారా?"

నాకు నోట మాట రాలేదు. ఆయన మోపెడ్‌కి తగిలించిన సంచిలోంచి చిన్న మామిడి జ్యూసు ప్యాకెట్లు రెండు తీశారు. ఒకదానికి స్ట్రా గుచ్చి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టి, "సిన్నగా, అమ్మా, సిన్నగా, తొందర నేదు" అంటూ తాగించారు. ఫోనులో టైము చూసుకున్నారు. పావుగంటయ్యాక మీ పేరేటి, మీ ఊరేటి అని అడిగారు. అమ్మ ఊరి పేరు చెప్పింది గాని తన పేరు తడబడింది. రెండో ప్యాకెట్ కూడా విప్పారు. అది కూడా తాగాక అమ్మ నన్ను పేరుపెట్టి పిలిచి, "బండి ఎందుకాగింది?" అని అడిగింది. అప్పుడు అదే సంచిలోంచి రెండు బన్నులు తీసి పెట్టారు. వాళ్ళ నాన్నగారికి కూడా ఇలాగే సుగరు పడిపోయేదట.

ఇంతలో ఆయన ఫోను మోగింది. చిన్నపిల్ల గొంతు, నాక్కూడా వినిపించింది. "తాతా, జ్యూసు తెచ్చావా?"

"మరిసిపోనానమ్మా. రేపు తెస్తాను. పడుకో."

నేను బండికి అటుపక్కకి వెళ్ళి ఏడ్చాను. బండి ఆగినప్పుడు ఏడవలేదు, అమ్మని అలా చూసినప్పుడూ ఏడవలేదు. మనవరాలికి కొన్నవి మాకిచ్చేసి, ఆ పిల్లతో మర్చిపోయానని చెప్పారు. ఆ మాట దగ్గర ఇంక ఆగలేకపోయాను.

మర్నాడు డాక్టరుగారికి ఫోను చేస్తే, అన్నయ్య చేసింది అక్షరాలా సరైన పని అన్నారు. సుగరు పడిపోయిన మనిషికి వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గాని, తియ్యటి జ్యూసు గాని ఇవ్వాలి, పావుగంట ఆగి చూసి తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి చేయాలి. ఇంట్లో సుగరు ఉన్నవాళ్ళు దయచేసి బండిలో పంచదార పొట్లం ఒకటి పెట్టుకోండి.

అమ్మ బన్ను తినడం మొదలుపెట్టాకే అన్నయ్య బండి దగ్గరికి వచ్చారు. అప్పటికి ముప్పావుగంట అయింది. మూత మీద తడిగుడ్డ వేసి, కొంచెం తిప్పి ఆగారు. మిగిలిన ఆవిరి ఉస్సుమని పోయాక పూర్తిగా తీశారు. "లోపల నీరు ఒత్తిడి మీద ఉంటాది తల్లీ. అందుకే వంద డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీసీసరికి ఒత్తిడి పోయి, ఒక్కసారే మరిగి మొహం మీదికి లేస్తాది" అన్నారు. నా చేతికి చుట్టుకున్నది పల్చటి నేత చీర కొంగు. తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

కిందివైపు హోస్ పైపుకి క్లిప్పు వదులైపోయి నీళ్ళన్నీ కారిపోయాయి. స్క్రూడ్రైవరుతో నాలుగు చుట్లు తిప్పి బిగించారు. నీళ్ళు కూడా ఒక్కసారి కుమ్మరించలేదు. కాలిపోతున్న ఇంజనులో చన్నీళ్ళు పోస్తే ఇంజను పైభాగం, అదే హెడ్డు, వంగిపోవచ్చు, పగిలిపోవచ్చు. చల్లారిందని చేత్తో చూసుకున్నాకే కొంచెం కొంచెంగా పోశారు. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేయమన్నారు. ముందున్న ఫ్యాను తిరగలేదు. "బండి పరిగెడితే ఎదురుగాలే సల్లారుస్తాది. ఆగితే ఫ్యాను కావాలి. అందుకే మీకు ట్రాఫిక్‌లో ముల్లు లేచి, రోడ్డు మీద దిగిపోనాది" అన్నారు. ఆనందపురంలో బండి నాకు చెప్పిందేమిటో అప్పుడు అర్థమైంది.

ఫ్యూజుల పెట్టె తెరిచి, ఫ్యాను రిలే, అంటే ఫ్యానుకి కరెంటు అందించే చిన్న స్విచ్చు డబ్బా, పీకి వాసన చూశారు. నాకూ చూపించారు, మాడిన వాసన. పక్కనే హారన్ రిలే. రెండింటి మీదా ఉన్న నంబర్లు ఒకటేనా అని వెలుగులో రెండుసార్లు చూసుకుని, హారన్‌ది తీసి ఫ్యాను దగ్గర పెట్టారు. ఫ్యాను గిర్రున తిరిగింది. "ఇంటికెళ్ళీదాకా హారను నేదు. మెల్లగా ఎల్లండి" అని, రణస్థలం దాకా నా ముందు మోపెడ్ నడుపుతూ వచ్చారు. అక్కడ ఆపి ముల్లు చూశారు. డబ్బులివ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. ఆ తర్వాత మూడుసార్లు ఫోను చేశారు, ఎచ్చెర్ల దగ్గర ఒకసారి, శ్రీకాకుళం దాటాక ఒకసారి, ఇల్లు చేరాక ఒకసారి. "ముల్లు ఎక్కడున్నాది? అమ్మ అన్నం తిన్నాదా?"

ఆఖరి ఫోనులోనే ఇన్సులిన్ సంగతి అడిగారు, ఫ్రిజ్‌లో పెట్టారా అని. మా ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదని, కంపెనీ మనిషి వచ్చి కంప్రెసర్ పోయింది, 7,800 అవుతుందన్నాడని చెప్పాను. ఆదివారం బస్సులో సంచి భుజాన వేసుకుని వచ్చేశారు.

ఫ్రిజ్‌ని గోడ నుంచి ముందుకి జరిపించారు. వెనక నల్లటి కాయిల్ మీద అంగుళం మందాన దుమ్ము, బూజు. ప్లగ్గు తీయించి, పెయింటు బ్రష్షుతో దులిపారు. ఫ్రిజ్ లోపలి వేడి ఆ కాయిల్ మీంచే బయటికి పోవాలి, గోడకి ఆనించేసి దుమ్ము పట్టించేస్తే కంప్రెసర్ ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. తర్వాత జేబులోంచి పది రూపాయల నోటు తీసి, తలుపు సందులో పెట్టి మూసి లాగారు. పైన గట్టిగా పట్టింది. కింది మూల దగ్గర జారి వచ్చేసింది. అక్కడ రబ్బరు వంకరపోయింది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి, ఆ రబ్బరుకి కాపడం పెట్టి, వేళ్ళతో లాగి సర్దారు. మళ్ళీ నోటు పెట్టి నా చేతే లాగించారు. రాలేదు. ఫ్రీజర్లో పేరుకున్న ఐసుని నేను చాకుతో గీకుతానని చెప్తే బాధగా తల అడ్డంగా ఊపారు. ఆ గీకుడులోనే గ్యాసు గొట్టానికి చిల్లు పడుతుందట, చాలా ఇళ్ళల్లో అలాగే పోతుందట. కరెంటు పోయి వస్తే వెంటనే వేయకుండా ఐదు నిమిషాలు ఆగమన్నారు. విప్పని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. అందుకని ఫ్రీజర్ కింద గాని, తలుపు అరలో గాని పెట్టొద్దని, మధ్య అరలో ఒక డబ్బా పెట్టి చూపించారు. మర్నాటికి ఫ్రిజ్ మామూలుగా చల్లబడింది. కంప్రెసర్‌కి ఏమీ కాలేదు.

వెళ్ళబోతూ, పాడైందని అటక మీద పడేసిన మిక్సీని కూడా దింపించి తిరగేశారు. అడుగున చిన్న ఎర్ర బటన్. నొక్కితే పనిచేసింది. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అదే ఆపేస్తుందట. నాలుగు నెలలుగా అమ్మ రోట్లో రుబ్బుతోంది.

ఈసారి డబ్బు మాటెత్తగానే "రెండొందల యాభై" అన్నారు. "రోడ్డు మీద సేసింది పని కాదమ్మా. ఇది నా పని" అని లెక్కపెట్టి తీసుకున్నారు. అమ్మ ఆయన చేతిలో మామిడి జ్యూసు ప్యాకెట్ల డజను పెట్టింది. అవి మాత్రం కాదనలేదు.

ఒక్క మాట కోపంగా రాయక తప్పడం లేదు. మూడు వారాల కిందటే బండి సర్వీసుకి ఇచ్చాను, 6,400 కట్టాను. ఆ కాగితం నా ముందే ఉంది. హోస్‌లు, కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం), ఫ్యాను, మూడింటికీ టిక్కులు పెట్టారు. చూడకుండా పెట్టిన టిక్కులవి. ఆ క్లిప్పు బిగించడానికి అన్నయ్యకి నిమిషం పట్టలేదు. బీమాతో పాటు దారిలో సాయానికని విడిగా డబ్బు కట్టాను. ఆ నంబరుకి చేస్తే తొమ్మిది నిమిషాలు ఆగమని, తర్వాత పిన్‌కోడ్ చెప్పమన్నారు. చీకట్లో హైవే మీద ముసలి తల్లితో నిలబడ్డ మనిషి ఏ పిన్‌కోడ్ చెప్పాలి? మర్నాడు మధ్యాహ్నం మీ సమస్య పరిష్కరించాం అని మెసేజ్ వచ్చింది. ఫ్రిజ్‌ది కూడా అంతే, కాయిల్ వైపు తిరిగి చూడకుండానే కంప్రెసర్ అన్నారు. మనకి తెలియదు కదా అని. బండి కొని రెండేళ్ళైనా కూలెంట్ డబ్బా ఎక్కడుంటుందో నాకెవరూ చూపించలేదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూస్తే, నీరు రెండు గీతల మధ్య ఉండాలి. ఇప్పుడు రోజూ చూస్తున్నాను. ఆ రాత్రి పోసిన బోరు నీళ్ళు ఆపదకే, లోపల ఉప్పు పేరుకుంటుంది. అందుకని రెండో రోజే అవి తీయించి సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయించాను. కొత్త రిలే వేయించాను, ఇంకొకటి డాష్‌బోర్డులో పెట్టుకున్నాను.

మా ఆయన ఆ రాత్రే రైలెక్కి వచ్చారు, తమ్ముడు, మరదలు రెండు రాత్రులు అమ్మ దగ్గర పడుకున్నారు. వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు.

పోస్టు చేసేముందు చదువుకుంటే ఎంతమందిని వదిలేశానో! రోడ్డు పక్క టీ కొట్టు ఆవిడ తన కొట్టుకి పట్టుకున్న రెండు బిందెల నీళ్ళూ ఇచ్చేసింది, ఆ రాత్రి ఇంక టీ కాచలేదు. ఫోను లైటు పట్టుకున్న పాలిటెక్నిక్ కుర్రాడు ఆఖరి బస్సు వదిలేసుకున్నాడు. నాన్నా, నీ పేరైనా అడగలేదు. మా డిక్కీలో మ్యాటు కింద ఎర్ర త్రికోణం ఉందని వెతికి తీసి, వెనక యాభై అడుగుల దూరంలో నిలబెట్టింది కూడా నువ్వే. ఎదురింటి పిన్నిగారు, ఈ ఆరు రోజులూ పాలు, కూర.

ఇంకొకరు. ఒడిశా నంబరు లారీ, బరంపురం వెళ్తున్నానన్నాడు. చెట్టుకొమ్మలు విరిచి మా బండి వెనక వేసి, టార్చి ఇచ్చి, అన్నయ్య పని చేస్తున్నంతసేపూ లారీ ఇండికేటర్లు వేసి మాకు అడ్డంగా నిలబెట్టాడు. హడావుడిలో ఆ టార్చి నా బండిలోనే ఉండిపోయింది. పచ్చ రంగుది, పిడికి ఎర్ర దారం చుట్టి ఉంది. ఆ దారిలో తిరిగే డ్రైవర్లెవరైనా ఇది చదివితే అతనికి చెప్పండి, కొత్త బ్యాటరీలు వేసి టీ కొట్టు ఆవిడ దగ్గర ఉంచుతాను.