ఆదివారం నాటకం: తెర వెనక మనుషులు కావాలి

అందరికీ నమస్కారం. ఆదివారం శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో మన 'హరిశ్చంద్ర' పద్యనాటకం ఉంది కదా. వచ్చిన డబ్బు ఉద్దానం కిడ్నీ రోగుల దారి ఖర్చులకి. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు వెళ్లిరావాలి, తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే.

నటులు సరిపడా ఉన్నారు. తెర వెనక్కే మనుషుల్లేరు. కాటి సీనుకి కర్ర, కుండ, కంబళి ముందే వింగ్‌లో, అంటే స్టేజి పక్కన తెర చాటున, పెట్టాలి. తెర లేచాక వెతికితే కుదరదు. చెమటకి మీసాలు ఊడతాయి, మీసాలు అంటించే స్పిరిట్ గమ్ సీసా, చిన్న అద్దం పట్టుకుని ఒకరు అక్కడే ఉండాలి. రాగం మధ్యలో మీసం జారితే ఇంక పద్యం ఎవరికీ వినబడదు!

చదివింపుల సంగతి ముఖ్యం. వన్స్‌మోర్ పడగానే ఎవరో ఒకరు నోట్లు పట్టుకుని స్టేజి ఎక్కేస్తారు. వద్దనకండి, మన జనానికి అదో సరదా. ఆ డబ్బు కూడా విరాళంలోనే కలపమని నటులంతా చెప్పారు. అందుకని మెట్ల దగ్గర ఇద్దరు కూర్చుని, పేరు, మొత్తం రాసి, రసీదు ఇచ్చి, చీటీ మైకు దగ్గరికి పంపాలి. ఒక్కరే వద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. పెట్టె తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచుదాం. హాలు వదిలేముందే లెక్క తేలాలి. పొద్దున చూద్దాం అన్న లెక్క ఎప్పుడూ తేలదు.

హార్మోనియం మాస్టారికి టీ ఎవరైనా చూసుకోండి, ఆయన లేవడానికి ఉండదు. సాయంత్రం 4 గంటలకల్లా రాగలిగినవాళ్లు ఇక్కడే పేరు పెట్టండి. నల్ల చొక్కా ఉంటే వేసుకురండి.