వార్షిక కార్యకలాపాల నివేదిక: గుమాస్తాల సదస్సు, మన కౌంటర్ పని

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గ సమావేశాలు క్రమం తప్పకుండా జరిగాయి. సభ్యత్వాల పునరుద్ధరణ పూర్తయింది. ఆడిట్ అయిన లెక్కలు నివేదికకు జతచేశాం, చూసుకోగలరు. ఈసారి ఎక్కువ చోటు కోర్టు గుమాస్తాల వృత్తి సదస్సుకే ఇస్తున్నాను. వెళ్లిన మన ప్రతినిధుల్లో నేనూ ఉన్నాను. అక్కడ విన్నవాటిలో చాలావరకు మనం రోజూ చేసే పని గురించినవే.

అన్నిటికంటే బాగా నచ్చింది కౌంటర్ పని మీద జరిగిన వర్క్‌షాప్. న్యాయ సలహా ఇవ్వకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మనకు నూరిపోస్తారు. నియమం సరైనదే. గుమాస్తా ఒక పక్షానికి దారి చూపిస్తే అవతలి పక్షానికి అన్యాయం జరుగుతుంది. కానీ ఆ భయంతో ఏది అడిగినా ‘లాయర్ని కలవండి’ అని పంపేయడం చాలా కౌంటర్లలో అలవాటైపోయింది. వర్క్‌షాప్‌లో ఒకామె కక్షిదారుగా, ఎదురుగా ఇంకొకరు గుమాస్తాగా కూర్చున్నారు. ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందుకున్న మనిషి అడిగే ప్రశ్నలు ఆమె ఒక్కొక్కటిగా అడిగారు. జవాబు దాఖలు చేయడానికి గడువు ఎంత? ఏ ఫారం వాడాలి? ఫీజు కట్టలేకపోతే మినహాయింపు అడగొచ్చా? వాయిదాకు రాకపోతే ఏమవుతుంది? వీటికి జవాబులు రూల్స్‌లోనే ఉంటాయి కాబట్టి చెప్పి తీరాలి. ‘జవాబులో ఏం రాయమంటారు? రాజీ పడితే మంచిదా? జడ్జిగారు ఏమంటారు?’ అన్నప్పుడు మాత్రం ఆగాలి. ఎందుకు చెప్పలేమో వివరించి, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో చూపించి పంపాలి. అవతలి పక్షంవారు వచ్చి ఇదే అడిగితే ఇదే జవాబు చెప్పగలమా? ఎప్పుడు అనుమానం వచ్చినా ఈ ఒక్క ప్రశ్న వేసుకోమన్నారు శిక్షకురాలు.

ఏడాదంతా విన్నవాటిలో నాకు ఇంతకంటే పనికొచ్చే మాట కనిపించలేదు. కోర్టుకు వచ్చిన మనిషి జడ్జిగారి ముందు నిలబడేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా మన చుట్టూనే తిరుగుతాడు.

రికార్డుల సెషన్‌లో అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ స్టేట్ కోర్ట్స్ రూపొందించిన ‘కోర్‌టూల్స్’ గురించి చెప్పారు. కోర్టు పనితీరును 10 కొలమానాలతో చూసే పద్ధతి ఇది. అందులో ఒకటి అచ్చంగా మన సెక్షన్లదే. అడిగిన ఫైలు నిర్ణీత సమయంలో దొరికిందా, అందులో ఉండాల్సిన కాగితాలన్నీ ఉన్నాయా అన్నది అది. ఇంకొకటి పరిష్కార రేటు. 100 కేసులు కొత్తగా దాఖలై 95 తేలితే రేటు 95 శాతం. అయితే సులువైన కేసులు తేల్చేసి ఈ రేటును 100 దాటించొచ్చు, పాతవి బీరువాలో అలాగే ఉంటాయి. అందుకే పెండింగ్ కేసుల వయసు కూడా కలిపి చూడాలన్నారు. నెలవారీ స్టేట్‌మెంట్లు తయారుచేసే మనకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు, అడిగేవాళ్లే తక్కువ.

ఎలక్ట్రానిక్ ఫైలింగ్ సెషన్‌లో చూపించిన ఒక విషయం సభ్యులంతా గమనించాలి. పీడీఎఫ్‌లో మైనరు పేరు మీద నల్ల గడి గీశారు. చూడ్డానికి పేరు పోయింది. శిక్షకుడు ఆ లైనును సెలెక్ట్ చేసి, కాపీ చేసి ఖాళీ పేజీలో పేస్ట్ చేయగానే పేరు మొత్తం బయటపడింది. నల్ల గడి కింద అక్షరాలు అలాగే ఉంటాయన్నమాట. హాల్లో చాలామందికి టెన్షన్ పట్టుకుంది. పేర్లు శాశ్వతంగా తొలగించడానికి వేరే టూల్ ఉంటుంది, దాంతోనే తీసేయాలి. ఆ తర్వాత ఇలాగే పేస్ట్ చేసి చూసుకుని, పేరు కనబడలేదని రూఢి అయ్యాకే కాపీ బయటికి ఇవ్వాలి.

దుబాసీల మీద చర్చకు తక్కువ సమయం ఇచ్చారు. అది నాకు నచ్చలేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణం ప్రకారం క్రిమినల్ కేసులో నిందితుడికి కోర్టు భాష రాకపోతే దుబాసీ సాయం ఉచితంగా అందాలి. ఆ అవసరం చాలాసార్లు ముందుగా కనిపెట్టేది గుమాస్తానే. ఫైలు మీద నోట్ పెట్టకపోతే వాయిదా రోజు అందరూ వచ్చి, దుబాసీ లేక వెనక్కి వెళ్లిపోతారు.

సదస్సు నుంచి వచ్చాక, కౌంటర్‌లో చెప్పాల్సినవి, చెప్పకూడనివి ఒక పేజీలో రాసి ముసాయిదా తయారుచేశాం. కోర్టు అధికారులు ఆమోదించాకే దాన్ని కౌంటర్ల దగ్గర పెడతాం. నెలకోసారి ఏవో కొన్ని ఫైళ్లు తీసి, రిజిస్టర్‌తో సరిచూసుకోవాలని కూడా ప్రతిపాదించాం. ఉన్న పనికే మనుషులు చాలడం లేదని రికార్డు గది సభ్యులు అభ్యంతరం చెప్పారు. అందులో న్యాయం ఉంది. అందుకే దీన్ని మహాసభ నిర్ణయానికి వదిలేశాం.

వచ్చే సదస్సుకు కార్యవర్గం వాళ్లకు బదులు కౌంటర్లలో, రికార్డు గదిలో పనిచేసే జూనియర్లను పంపాలని నా ప్రతిపాదన. వెళ్లదలచినవారు మహాసభలోపు పేర్లు ఇవ్వండి. ముసాయిదా ప్రతులు అన్ని సెక్షన్లకూ పంపాం. కౌంటర్ దగ్గర మీకు తరచుగా ఎదురై, చెప్పాలో వద్దో తేలని ప్రశ్నలుంటే ఆ కాగితం వెనకే రాసి పంపండి.

కార్యదర్శి