బూట్‌లెగ్ రికార్డులను నకిలీ సరుకుతో కలపకండి

సంపాదకులకు నమస్కారం.

పాత గ్రామఫోన్ రికార్డుల సేకరణపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని బరంపురంలో మా ఇంట్లో అందరం చదివాం. హెచ్‌ఎంవీ రికార్డుల గురించి, సూదుల గురించి రాసినదంతా బాగుంది. అయితే బూట్‌లెగ్ రికార్డులన్నీ దొంగ నకళ్లేననీ, చేతికి వస్తే పారవేయడమే మంచిదనీ చెప్పిన చివరి పేరా నన్ను బాధపెట్టింది. అమెరికాకు చెందిన రమోన్స్ అనే పంక్ (వేగంగా, గట్టిగా వాయించే రాక్ సంగీతం) బృందం కచేరీల బూట్‌లెగ్ ఎల్పీలను (పెద్ద గ్రామఫోన్ రికార్డులను) పాతికేళ్లుగా సేకరిస్తున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

కంపెనీ విడుదల చేసిన రికార్డునే అట్టతో సహా అచ్చుగుద్ది తక్కువ ధరకు అమ్మితే అది నకలు; దానివల్ల అసలు రికార్డు అమ్మకం దెబ్బతింటుంది. బూట్‌లెగ్‌లో ఉండేది కంపెనీ విడుదల చేయని కచేరీ. ప్రేక్షకుల్లో ఒకరు వెంట తీసుకెళ్లిన టేప్ రికార్డరులో ఎక్కించుకున్నదో, రేడియోలో ప్రసారమవుతుండగా ఇంట్లో పట్టుకున్నదో అయిన టేపును ఎవరో అనుమతి లేకుండా ఎల్పీగా వేస్తారు. సారా సీసాను బూటులో దాచి తీసుకుపోయే రోజుల నుంచి వచ్చిన మాట ఇది. ఈ వ్యాపారం శుద్ధమైనదని నేను అనడం లేదు. మన 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శన ఇచ్చేవారికీ హక్కులు కల్పించింది, అది న్యాయమే. కానీ ఎప్పుడో అచ్చయి మన చేతికి వచ్చిన రికార్డును చెత్తలో వేస్తే ఆ కళాకారులకు దక్కేదేమీ లేదు.

రమోన్స్ 1974లో న్యూయార్క్‌లో మొదలై 1996లో ఆగిపోయేలోగా రెండు వేలకు పైగా కచేరీలు చేసింది. మొదటి నలుగురూ, అంటే గాయకుడు జోయీ, బేస్ గిటార్ వాయించిన డీ డీ, జానీ, టామీ, ఇప్పుడు లేరు. 1977 డిసెంబరు 31 రాత్రి లండన్‌లోని రెయిన్‌బో థియేటర్లో వారు చేసిన కచేరీ 1979లో రెండు ఎల్పీలుగా వచ్చింది. 28 పాటలు గంటలోపే ముగుస్తాయి. అంతకు ముందరి 1976 ఆగస్టు 12న వెస్ట్ హాలీవుడ్‌లోని రాక్సీలో జరిగిన కచేరీ మాత్రం 2001లో గానీ అధికారికంగా బయటికి రాలేదు. అప్పటిదాకా మాబోటి వాళ్లకు ఆ రాత్రి వినిపించింది బూట్‌లెగ్‌లోనే. రెంటినీ వరుసగా వింటే, పదహారు నెలల్లో వారి వాయిద్యం ఎంత వడి అందుకుందో తెలుస్తుంది. అయితే వెంటనే నమ్మకూడదు. టేపు వేగం తప్పినా పాట పరుగెత్తినట్టే ఉంటుంది. అప్పుడు జోయీ గొంతు మామూలు కంటే సన్నబడిందేమో పట్టి చూడాలి. అట్ట మీద తేదీ తప్పుగా ఉండడమూ, ఒకే కచేరీ రెండు మూడు పేర్లతో అమ్ముడుపోవడమూ మామూలే కనుక, లేబుల్‌కూ చివరి పాటకూ మధ్య నున్నటి చోట గీసిన, ఏ అచ్చు నుంచి వచ్చిందో తెలిపే అంకెలనూ పాటల వరుసనూ పోల్చి చూసుకుంటాను. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో ఒక దుకాణంవారు రెండు వేర్వేరు కచేరీలని చెప్పి ఒకే టేపు నుంచి వేసిన రెండు రికార్డులు నాకు అంటగట్టారు. ఇంటికి వచ్చి అంకెలు చూశాకే ఆ సంగతి తెలిసింది.

ఈ విద్య నాకు నేర్పినది మా వీధిలో రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. హౌరా వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో రికార్డులు తెచ్చి, ప్రతిదానికీ తెలుగులో ఒక కాగితం రాసి అట్టలో పెట్టేవారు: ఎక్కడ కొన్నారు, ఏ పాటకు ముందు డీ డీ ఒకటి రెండు మూడు నాలుగు లెక్కపెట్టడం వినబడుతుంది, ఎక్కడ ప్రేక్షకుల దగ్గు అడ్డొస్తుంది. వంగిపోకుండా వాటిని నిలువుగా పేర్చి, ఉప్పుగాలి ఊళ్లో బూజు పట్టకుండా వానాకాలంలో వారానికోసారి తుడిచేవారు. ఆయన పోయిన ఏడాదికి, దొంగ రికార్డులు ఇంట్లో ఉంటే చిక్కులొస్తాయని ఎవరో భయపెట్టగా, ఇంటివారు పెట్టెడు రికార్డులనూ పాత సామాన్లవాడికి తూకానికి వేశారు. నేను తెలుసుకుని వెళ్లేసరికి మిగిలినవి నాలుగు అట్టలు, రెండు కాగితాలు.

అందుకే ఆ పేరాను సరిదిద్దమని కోరుతున్నాను. వచ్చే అనుబంధంలో రెండు వాక్యాలు చాలు: బూట్‌లెగ్‌ను అచ్చువేసి అమ్మడం తప్పేనని ఒకటి, పెద్దల పెట్టెల్లో అలాంటి రికార్డు కనబడితే పారవేయకుండా అందులోని పాటల వరుసనూ, లేబుల్ పక్కన గీసిన అంకెలనూ కాగితం మీద ఎక్కించి తెలిసినవారికి చూపమని రెండోది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా