మన సంఘం వార్షిక నివేదిక, 2024-25: చాచా లేని ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉదయగిరి కోట బాగోగులు చూసుకునే మన సంఘం ఏటా ఇచ్చే ఈ నివేదికను ఎన్ని సమావేశాలు జరిగాయో చెప్పి మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈసారి చెయ్యి రాలేదు. గత ఆగస్టులో చాచా కన్నుమూశారు. ముందు ఆయన గురించి చెప్పి, ఆ తర్వాతే మిగతా లెక్కలని కార్యవర్గం తీర్మానించింది. పేరు అచ్చు వేయొద్దని ఆయన బిడ్డలు కోరారు కాబట్టి వేయడం లేదు. ఉదయగిరిలో కొండకింద చెక్క చెంచాలు చెక్కి అమ్మే చెంచాల చాచా అంటే ఎవరో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

కొండమీది కోట చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటి మజిలీ ఆయన అరుగే. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా తొలి బస్సులో దిగినవాళ్లకు ఆయన ముందు మజ్జిగ ఇచ్చేవారు, తర్వాత ఊరు పేరు అడిగేవారు. సంచులు అరుగు మీద పెట్టించుకునేవారు. మధ్యాహ్నం దాటి కొండెక్కుతామంటే మాత్రం ఎంత పెద్ద మనిషినైనా కదలనిచ్చేవారు కాదు. "3,079 అడుగుల కొండ నాయనా, దిగేటప్పటికి చీకటి పడతది. ఈ పూట సంగటి తిని పడుకో, తెల్లారి పోదువు" అనేవారు. సజ్జ సంగటి, శెనక్కాయ చట్నీ. డబ్బులిస్తే తీసుకునేవారు కాదు. ఎక్కువ బలవంతం చేస్తే "ఒక చెంచా కొనుక్కో" అనేవారు.

ఆయన కోట కథ చెప్పే తీరు చూసినవాళ్లు మరిచిపోలేరు. పక్కన దేవదారి చెక్క ముక్కలు, ఆకురాయి, సగం చెక్కిన పిడులు. తయారైన చెంచాల్లో పదమూడు ఏరేవారు. ఎనిమిది పీట మీద, ఐదు కింద నేల మీద పేర్చేవారు. కొండమీద ఎనిమిది కోటలు, కింద ఐదు. తర్వాత ఆకురాయిని నేల చెంచాల పక్కన పెట్టి, "ఇదీ రాయల దండు" అనేవారు. 1513లో కృష్ణదేవరాయలు వచ్చి ముట్టడి వేయడం, లోపల ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి మనుషులు తలుపులు బిగించుకోవడం, కోట దగ్గరికి పోయే దారి లేక రాయలు బండలు పగలగొట్టించి బాటలు వేయించడం చెబుతూ ఆకురాయిని అంగుళం అంగుళం జరిపేవారు. బండలు పగలగొట్టించిన సంగతి పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడని ఎప్పుడో ఒక కాలేజీ మాస్టారు చాచాకు చెప్పారట. అప్పటినుంచి ఆ మాట లేకుండా ఆయన కథ చెప్పలేదు. 1514లో కోట పడేదాకా, నూనిజ్ లెక్కలో ఏడాదిన్నర. ఆకురాయి పీట ఎక్కేసరికి వింటున్నవాళ్ల మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేది.

రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి 1515లో విజయనగరంలో గుడి కట్టి నిలిపిన కథ చాలామంది అడిగి చెప్పించుకునేవారు. చాచా అది చెప్పి, వెంటనే కోట లోపలివాళ్ల దగ్గరికి వచ్చేవారు. "గెలిచినాయన్ని అందరూ తలుచుకుంటారు. అన్నాళ్లు పైన ఇరుక్కుపోయినోళ్లు ఏం తిన్నారు, ఏం తాగారు? అందుకే ఈ కొండకు వచ్చినోళ్లు ఆకలితో పోగూడదు" అనేవారు. నేను చాలాసార్లు విన్న మాట ఇది. పైన కోనేళ్లు పూడికతో నిండిపోవడం ఆయన్ని ఎందుకంత బాధపెట్టేదో ఈ మాటతోనే నాకు అర్థమైంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం డిసెంబరులో జరిగిన సంస్మరణ యాత్ర. పొద్దున ఆరింటికి చాచా అరుగు దగ్గర ఆయన పెద్ద మనవరాలు పదమూడు చెంచాలూ పేర్చి తాతయ్య చెప్పినట్టే కథ చెప్పింది. ఆకురాయి జరిపేటప్పుడు పిల్ల చెయ్యి వణికింది, గొంతు వణకలేదు. అందరం కలిసి కొండెక్కాం. రంగనాయకుల గుడి దగ్గర పంతులుగారు, పెద్ద మసీదు దగ్గర ఇమాం సాహెబ్ ఆయన కోసం ప్రార్థన చేశారు. అక్కడి పారసీ శాసనం గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటిదని పిల్లలకు చెప్పాం. దిగి వచ్చాక మజ్జిగ, సంగటి. అదే రోజు అరుగు పక్కన చాచా జ్ఞాపకంగా చలివేంద్రం మొదలుపెట్టాం. రెండు కుండలు ఇచ్చిన కుమ్మరి కుటుంబానికి, సంగటి కెలికిన అక్కలకు, షామియానా అద్దె వదులుకున్న దుకాణం వారికి, ఉచితంగా ఫొటోలు తీసిన తమ్ముడికి సంఘం రుణపడి ఉంది.

ఒక మాట దాచకుండా రాయాలి. వస్తామని పేర్లిచ్చినవాళ్లలో సగం మంది ఆ రోజు రాలేదు. వంట పాత్రలు మోయడానికి మనుషులు లేక అరవై దాటిన మన ఉపాధ్యక్షులు మోశారు. చాచా సంగటి తినని సభ్యుడు మనలో ఒక్కరైనా ఉన్నారా? ఇక దారి పొడవునా బోర్డులు, పైన నీటి వసతి కోసం ఈ ఏడాది కూడా ఒక కార్యాలయం చుట్టూ తిరిగాం. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ "పై ఆఫీసుకు పంపాం" అన్నారు. యాత్రకు ఆహ్వానిస్తే వస్తామని చెప్పి, ఆఖరికి ఫోను కూడా ఎత్తలేదు. చాచా బతికుండగా ఒక్క బోర్డైనా చూడాలనుకున్నారు. ఆ బాధ నాకు పోవడం లేదు.

మిగతా పనులు: రెండుసార్లు మెట్లదారి కంప కొట్టించాం. ప్లాస్టిక్ సీసాలు ఏరి కిందికి దింపాం. పాఠశాల పిల్లలను చెంచాలు చెక్కే ఇళ్లకు తీసుకెళ్లాం. ఒక కోనేరు పూడిక తీత సగంలో ఆగింది, వర్షాల తర్వాత మళ్లీ మొదలుపెట్టాలి.

జమాఖర్చులు కోశాధికారిగారు సమావేశంలో చదివి వినిపిస్తారు. యాత్ర ఖర్చు చందాలతో సరిపోయింది, అప్పు లేదు. చందా బకాయి ఉన్నవాళ్లు దయచేసి ఆ రోజే కట్టండి.

చలివేంద్రం కుండలు రోజూ నింపడానికి వారానికి ఒకరి చొప్పున ఏడాదికి 52 మంది కావాలి. ఇప్పటికి 19 పేర్లు వచ్చాయి. కాగితం సమావేశంలో చుట్టూ తిప్పుతాం, రాగలిగినవాళ్లే రాయండి. కోనేరు పనికి వచ్చేవాళ్లు పార, తట్ట ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. పొద్దున ఆరింటికి చాచా అరుగు దగ్గర కలుద్దాం. మజ్జిగ ఆయన కోడలు పోస్తానన్నారు.

ఇట్లు,
కార్యదర్శి,
ఉదయగిరి